ఖండించారు సరే, ఏం తెగింది?

పొద్దున్నే పేపరు తెరిస్తే జిల్లా పేజీలో ఎవరో ఒకరు దేన్నో ఒకదాన్ని ఖండిస్తూ కనిపిస్తారు. దాడిని ఖండిస్తారు, వ్యాఖ్యలను ఖండిస్తారు, అరెస్టును, బదిలీని, చార్జీల పెంపును ఖండిస్తారు. పక్క కాలమ్‌లో ఇంకొకాయన తనమీద వచ్చిన ఆరోపణలను ఖండిస్తాడు. ఖండనకు ముందు ‘తీవ్రంగా’ తప్పనిసరి. పదిమంది కలిస్తే ‘ముక్తకంఠంతో’. కెమెరాలు ఎక్కువుంటే ‘నిర్ద్వంద్వంగా’. ఒక మోస్తరుగా ఖండించినవాడు తెలుగునాట ఇంకా పుట్టలేదు.

ఇదేం వాడుక అని ఎవరైనా నసిగితే సిద్ధంగా ఉండే సమాధానం ఒకటుంది. ‘మాట అన్నాక మారుతుంది. ఒకప్పుడు ఖండించడమంటే నరకడం. ఆ తరవాత వాదంలో ఓడించడం. ఇప్పుడు గట్టిగా తప్పుపట్టడం, లేదా కాదనడం. జనం ఎలా వాడితే అదే అర్థం. గిడుగు వచ్చి వెళ్ళాక కూడా ఈ చాదస్తమేమిటి?’ పత్రికల డెస్కుల్లో ఈ మాటే, భాష మీద జరిగే సభల్లోనూ ఈ మాటే. వినడానికి ఉదారంగా ఉంటుంది. అవతలివాడిని పండితుడి కుర్చీలో కూర్చోబెట్టి, మనం జనం పక్షాన నిలబడిపోవచ్చు.

ఆ సమాధానం తప్పని నా వాదం. ఈ అర్థవ్యాప్తి వల్ల జనానికి ఒరిగిందేమీ లేదు. జవాబు చెప్పాల్సినవాళ్ళు జవాబు చెప్పకుండానే చెప్పినట్టు చలామణి కావడానికి ఇది పనికొస్తోంది. మాట మారితే బాధ లేదు. మారినవైపు ఎవరి లాభం ఉందన్నదే చూడాలి.

ఖండం అంటే ముక్క. ఆసియా ఖండం, ఖండకావ్యం, ఖండచాపు అన్నిట్లో ఉన్నది అదే. ‘ఖండితంగా చెప్పేశాడు’ అంటే ఇక బేరం లేదని. మాటలో ఎక్కడో ఏదో తెగాలి. వాదానికి సంబంధించి కూడా అంతే. ఎదుటివాడు చెప్పినదాన్ని ముందు పూర్వపక్షంగా నిలబెట్టి, వీలైతే అతనికన్నా బాగా చెప్పి, అప్పుడు దాని కీలు ఎక్కడుందో చూసి అక్కడ వేటు వేయాలి. శ్రీనాథుడు తెలుగు చేసిన నైషధానికి మూలకర్త శ్రీహర్షుడు 12వ శతాబ్దంలో రాసిన ‘ఖండనఖండఖాద్యం’ పేరులోనే ఈ పని ఉంది. నైయాయికులు ఇచ్చిన నిర్వచనాలను ఆయన ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుంటాడు. వాళ్ళు పెట్టుకున్న నియమాల ప్రకారమే అవి నిలబడవని చూపుతాడు. తన సిద్ధాంతం పెట్టకుండా ఎదుటివాడి సిద్ధాంతాన్నే విప్పుతున్నాడు గనక అది వితండ అని ఎత్తిపొడవవచ్చు. చదవకుండా మాట్లాడాడని మాత్రం అనలేరు.

ఆ శ్రీనాథుడే ప్రౌఢదేవరాయల కొలువులో గౌడడిండిమభట్టును వాదంలో ఓడించి, అతని కంచుఢక్కను పగలగొట్టించాడని ప్రతీతి. చరిత్ర ఎంతో, చాటువు ఎంతో నాకు పట్టింపు లేదు. కానీ తెలుగువాళ్ళు ఇన్ని వందల ఏళ్ళు ఇష్టపడి చెప్పుకున్న ఈ కథలో ఖండనకు ఒక ఫలితం ఉంది. శ్రీనాథుడు సభలోకి వెళ్ళి ‘డిండిమభట్టు వైఖరిని తీవ్రంగా ఖండిస్తున్నాను’ అని వచ్చేసి ఉంటే ఆ ఢక్క మోగుతూనే ఉండేది.

అలంకారశాస్త్రంలో ఎనిమిదిమంది నాయికల్లో ఒకామె పేరు ఖండిత. రాత్రంతా రాని మగవాడు తెల్లవారి వస్తాడు. ఈ పేరులో తెగింది ఆమె మనసే. కానీ ఆమె చేసే పని చూడండి. ఆ గోటిగాటు ఎక్కడిది, ఆ నుదుటిమీద లత్తుక ఎవరి పాదానిది, ఆ కళ్ళెందుకు ఎర్రబడ్డాయి అని అడుగుతుంది. ప్రతి నిందకూ ఒక గుర్తు చూపుతుంది. క్షేత్రయ్య పదాల్లో కోపంతో ఉన్న ఆడవాళ్ళకున్న ఈపాటి పద్ధతి మన పత్రికా ప్రకటనలకు లేదు.

పద్ధతి సరే, ఫలితం ఎలా ఉంటుందో చూడాలంటే హైదరాబాదు రావాలి. నిజాం రాష్ట్రంలో చెప్పుకోదగ్గ తెలుగు కవులు పూజ్యమని ఒక పండితుడు రాశాడు. పూజ్యమంటే సున్న. అప్పుడు గోల్కొండ పత్రిక నడుపుతున్నది సురవరం ప్రతాపరెడ్డి. పత్రిక చేతిలో ఉంది, కలం పదునైనది, జనం కోపంగా ఉన్నారు. ‘తెలంగాణ ప్రజల ఆత్మగౌరవాన్ని దెబ్బతీసిన ఈ వ్యాఖ్యలను ముక్తకంఠంతో ఖండిస్తున్నాం’ అని మొదటి పేజీలో వేస్తే ఎవరూ కాదనేవారు కాదు. ఆయన కవులకు కబురు పెట్టాడు. ఊళ్ళనుంచి, జాగీర్లనుంచి, సంస్థానాలనుంచి పద్యాలు తెప్పించాడు. ఎవరెవరు, ఏ ఊరివారు అన్నది పోగుచేశాడు. 1934లో ‘గోల్కొండ కవుల సంచిక’ వచ్చింది. అందులో 354 మంది కవులున్నారు.

దీన్నంటారు ఖండన అని. సున్న అన్నవాడి ముందు మూడువందల యాభైనాలుగు పెట్టాడు. ఆ తరవాత అదే మాట అనడానికి ఎవరికీ నోరు రాలేదు. అన్నవాడు చెడ్డవాడని సురవరం నిరూపించలేదు, అన్న మాట చెల్లదని నిరూపించాడు. ఆ సంచికలోని పద్యాలన్నీ గొప్పవా అంటే కావు. కొన్ని మామూలువి, కొన్ని నాసివి కూడా. దానివల్ల ఖండనకు వచ్చిన లోటేమీ లేదు, ఎందుకంటే వివాదం ఉన్నారా లేరా అన్నదాని మీద. ఎంతవరకు తెగాలో అంతవరకే తెగింది. ఆయన తిట్టుతో సరిపెట్టుకుని ఉంటే మనకు ఈరోజు ఆ తిట్టూ మిగిలేది కాదు, ఆ కవుల్లో చాలామంది పేర్లూ మిగిలేవి కావు.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. ఉదాహరణకు ఒక మండలం అనుకోండి. కాలువలో పూడిక తీయకుండానే బిల్లులు ఎత్తేశారని ఆయకట్టు రైతులు ఆరోపించారు. మర్నాడు అక్కడి నాయకుడు ప్రెస్‌మీట్ పెట్టాడు. ‘ఇదంతా రాజకీయ కుట్ర. నా జీవితం తెరిచిన పుస్తకం. దమ్ముంటే నిరూపించండి. పరువునష్టం దావా వేస్తా.’ తెల్లారి శీర్షిక ‘ఆరోపణలను ఖండించిన ఫలానా’.

ఏం ఖండించాడు? ఆయన జీవితం తెరిచిన పుస్తకమో కాదో గానీ, తెరవాల్సిన పుస్తకం వేరే ఉంది. దాన్ని ఎంబుక్ అంటారు. పని అయ్యాక ఇంజనీరు కొలతలు ఎక్కించేది అందులోనే. ఏ ఛైనేజీనుంచి ఏ ఛైనేజీదాకా, ఎంత వెడల్పు, ఎంత లోతు, ఎన్ని ఘనపు మీటర్ల మట్టి అన్నది రాసి సంతకం పెడతాడు. పైఅధికారి వెళ్ళి కొంత భాగం మళ్ళీ కొలిచి చూడాలి. పనికి ముందు తీసిన లెవెల్సు, తరవాత తీసిన లెవెల్సు రెండూ ఉండాలి. వాటి తేడా మీదే బిల్లు. ఆ ఎంబుక్ తెచ్చి కాలువగట్టు మీద రైతుల ముందు పెట్టి, టేపు వేసి కొలిచి చూపితే అది ఖండన. అప్పుడు నోరు మూసుకోవాల్సింది రైతులే. అదేమీ లేకుండా కుట్ర, దమ్ము, దావా అంటే అది కాదనడం. కాదనడానికి ఆయనకు హక్కుంది, ఆ మాట వేయడం పత్రిక ధర్మం కూడా. అయితే కాదన్నవాడికి ఖండించినవాడి బిరుదు ఎందుకు ఇస్తున్నాం?

ఇది చిన్న విషయం కాదు. ‘ఖండించిన’ అని అచ్చులో పడగానే చదివినవాడి మనసులో ఆరోపణ సగం తెగిపోతుంది. కనీసం ‘ఆరోపణా వచ్చింది, దానికి సమాధానమూ వచ్చింది, చెరిసగం’ అన్న లెక్క పడుతుంది. విలేకరి రెండో ప్రశ్న అడగబోతే ‘నిన్ననే ఖండించాం కదండీ’ అంటారు. ఆ ‘నిన్ననే ఖండించాం’ అన్నది ఒక రసీదులాగా పనిచేస్తోంది. చెల్లించకుండా పుచ్చుకున్న రసీదు.

కోర్టుల్లో ఇది చెల్లదు. పొలంగట్టు తగాదాకైనా సివిల్ ప్రొసీజర్ కోడ్ ఎనిమిదో ఆర్డరు ఒకటే మాట చెబుతుంది. దావాలో వాది చెప్పిన సంగతులను ప్రతివాది గుండుగుత్తగా కాదంటే చాలదు. ఒక్కొక్కదాన్నీ విడివిడిగా, డొంకతిరుగుడు లేకుండా కాదనాలి. అలా కాదననిదాన్ని ఒప్పుకున్నట్టే భావించవచ్చు. 1908నుంచి ఉన్న చట్టం ఇది. గుంట నేల కోసం కోర్టుకెక్కిన రైతు పాటించే నియమం కోట్ల బిల్లుల విషయంలో ప్రెస్‌మీట్ పెట్టినవాడికి ఎందుకు ఉండదో నాకు అర్థం కాదు. చట్టం అక్కడికి రాదు, నిజమే. శీర్షిక పెట్టే చేయి అయినా కాస్త ఆలోచించాలి కదా.

ఇక గిడుగు పేరు. ప్రతివాళ్ళూ ముందుగా ఆయన్ను తెచ్చి నిలబెడతారు గనక తప్పించుకోవడం కుదరదు. వాడుకే ప్రమాణం అన్నారు. ఒప్పుకుంటాను. ఎవరి వాడుక?

ఇంట్లో ఎవరైనా ఎవరినైనా ఖండించగా విన్నారా? కొడుకు తాగొస్తే తల్లి ఖండించదు. ‘సిగ్గులేదురా’ అంటుంది, ‘ఛీ’ అంటుంది, రెండు రోజులు మాట్లాడదు. పెళ్ళిలో మర్యాద తక్కువైతే మేనమామ ఖండించడు, అలుగుతాడు. పంచాయతీలో పెద్దమనిషి ‘అదేం పద్ధతి కాదయ్యా’ అంటాడు, తెలంగాణలో అయితే ‘గిది పద్ధతి గాదు’ అంటాడు. తప్పుపట్టడానికి తెలుగులో మాటలకు ఎప్పుడూ కరువు లేదు. చీవాట్లు పెడతాం, గడ్డిపెడతాం, తలంటుతాం, దులిపేస్తాం, కడిగేస్తాం, ఏకిపారేస్తాం, ఎండగడతాం, ఎత్తిపొడుస్తాం, దెప్పుతాం. ఇవన్నీ ఒకటి కావు. చీవాట్లు పెద్దవాళ్ళు పెట్టాలి. తెలిసుండీ గడ్డితిన్నవాడికే గడ్డిపెట్టాలి. ఎత్తిపొడుపులో తెలివి, దెప్పులో పాత బాకీ ఉంటాయి. ఎండగట్టాలంటే అప్పటిదాకా నీడలో దాచింది ఏదో బయటికి తేవాలి, ఖాళీ చేతులతో ఎండగట్టలేం. జనం ఎంత తేడా పాటిస్తారో చూడండి. ఎవరు, ఎవరిని, ఏ హక్కుతో, ఏ ఆధారంతో తప్పుపడుతున్నారో క్రియలోనే తెలిసిపోతుంది.

ఇలాంటి జనం వాడుకను పక్కకు నెట్టి, మైకుల్లోనూ లెటర్‌హెడ్ల మీదా తప్ప ఎక్కడా బతకని ‘తీవ్రంగా ఖండిస్తున్నాం’ను తెచ్చి ఇదే జనభాష అంటున్నారు. ఇది వాడుక భాష కాదు, ప్రకటన భాష. గిడుగు పోరాడింది సరిగ్గా ఇలాంటి బిగదీసుకున్న భాష మీదే. పైగా ఆయన పోరాడిన తీరు ఎవరికీ గుర్తు లేదు. గ్రాంథికమే రాయాలన్న పండితుల మీద ఆయన ఖండన ప్రకటనలు ఇవ్వలేదు. వాళ్ళు రాసిన పుస్తకాలే ముందు పెట్టుకుని, వాళ్ళు నెత్తిన పెట్టుకున్న వ్యాకరణం ప్రకారమే ఎన్ని తప్పులు దొర్లాయో ఏరి చూపాడు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’ అంతా అదే పని. మీరే రాయలేని భాషను పిల్లల చేత ఎలా రాయిస్తారు అన్నది ఆయన వేటు. శ్రీహర్షుడికీ పర్లాకిమిడి గిడుగుకూ మధ్య ఏడు వందల ఏళ్ళున్నాయి, ఖండించే తీరు మాత్రం ఒకటే. వాడుక పేరుతో గిడుగును పిలిస్తే ఆయన ఈ పక్షానే సాక్ష్యం చెబుతాడు.

రెండో వాదం ఇంకొంచెం బరువైనది. ‘ఆరోపణల సంగతి వదిలేయండి. ఒక దారుణం జరిగింది. దానికి తర్కమెందుకు, ఎంబుక్ ఎందుకు? తప్పు అని గట్టిగా చెప్పడమే కదా కావాల్సింది. చెప్పకపోతే సమర్థించినట్టే కదా.’ టీవీ చర్చల్లో దీని రూపం వేరు. ‘మీరు దీన్ని ఖండిస్తున్నారా లేదా? అవునా కాదా, ఒక్క మాటలో చెప్పండి.’ ఖండించాడా, బతికిపోయాడు. ‘ఖండిస్తున్నాను, అయితే...’ అన్నాడా, ఆ ‘అయితే’ దగ్గర గొంతు పట్టుకుంటారు. ఖండన ఇప్పుడు టోల్‌గేటు దగ్గర కట్టే రుసుము అయింది.

తెలుగువాళ్ళు ఈ ప్రశ్నను టీవీలకన్నా ముందే చూశారు. పోలీసు ఎన్‌కౌంటర్ల మీద మాట్లాడిన పౌరహక్కుల కార్యకర్తలను ‘నక్సలైట్ల హత్యలను ఖండించరేం’ అని అడగని సభ లేదు. అడిగినవాళ్ళలో కొందరికి నిజంగా జవాబు కావాలి, కొందరికి ఎదుటివాడి నోరు మూయించాలి. కె. బాలగోపాల్ చేసింది గమనించదగ్గది. ఒక ప్రకటన పడేసి చేతులు దులుపుకోవడం తేలిక, ఆయన అది చేయలేదు. ఉద్యమాల హింసను హక్కుల సంఘం ఏ ప్రాతిపదిక మీద ప్రశ్నించాలి, రాజ్యహింసకూ దానికీ పోలిక ఎక్కడ, తేడా ఎక్కడ అన్నది ఏళ్ళ తరబడి తన సంస్థలోనే వాదించాడు, రాశాడు. పొసగక బయటికొచ్చి 1998లో కొందరితో కలిసి మానవ హక్కుల వేదిక పెట్టాడు. ఆయన వాదంతో ఏకీభవించనివాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కానీ వాళ్ళకు ఏకీభవించకపోవడానికి ఒక వాదం దొరికింది. తీవ్రంగా ఖండిస్తున్నాం అన్న వాక్యంతో విభేదించడానికి ఏముంటుంది?

ఎన్‌కౌంటర్ల మీద హక్కుల సంఘాల పని కూడా ఖండన ప్రకటనల వల్ల నిలబడలేదు. నిజనిర్ధారణల వల్ల నిలబడింది. కాల్పులు జరిగాయన్న చోటికి వెళ్ళడం, పక్క ఊరివాళ్ళను అడగడం, పోలీసుల కథలో సమయం ఎక్కడ కుదరడం లేదో చూడడం. పౌరహక్కుల సంఘం వేసిన కేసులో 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆత్మరక్షణ కోసం కాల్చామన్నది విచారణలో రుజువు చేసుకోవాల్సిన మాట, అసలు కేసే నమోదు కాకుండా అడ్డుపెట్టే మాట కాదంది. తరవాత సుప్రీంకోర్టు దానిమీద స్టే ఇచ్చింది, అది వేరే కథ. దశాబ్దాలుగా ఒకే మూసలో వచ్చిన ‘ఎదురుకాల్పులు’ అన్న మాటకు తగలాల్సిన చోట వేటు తగిలింది.

అసమ్మతిని పద్ధతి ప్రకారం చెప్పాల్సిన చోట కారణం అడగడం కొత్తేమీ కాదు. మన లోక్‌సభలో అవిశ్వాస తీర్మానానికి కారణాలు రాయనక్కర్లేదు, నమ్మకం లేదంటే చాలు. అభిశంసన తీర్మానానికి మాత్రం దేన్ని, ఎందుకు తప్పుపడుతున్నారో రాయాలి. దేశాల మధ్య అయితే ఒక్కొక్క క్రియకూ బేరసారాలు జరుగుతాయి. ఉక్రెయిన్ మీద రష్యా దాడి గురించి 2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ చేసిన తీర్మానానికి 141 దేశాలు ఓటేశాయి, 5 వ్యతిరేకించాయి, భారత్‌తో సహా 35 తటస్థంగా ఉన్నాయి. అందులో రష్యా దురాక్రమణకు వాడిన క్రియ ‘డిప్లోర్’, అంతకన్నా ఘాటైన ‘కండెమ్’ కాదు. రెంటికీ ‘ఖండించింది’ అని ఒకటే రాస్తే మనం ఎవరికి ఏం చెప్పినట్టు? ఒకదానికి ‘గర్హించింది’ ఉంది, ‘తప్పుపట్టింది’ ఉంది. వాడేవాళ్ళేరీ?

తర్కం లేకుండా తప్పు అని చెప్పాల్సిన సందర్భాలు ఉండవా అంటే ఉంటాయి. దెబ్బతిన్నవాళ్ళు ఒంటరిగా ఉన్నప్పుడు నలుగురు వచ్చి ఇది అన్యాయం అనడానికి విలువ ఉంది. కారంచేడులో 1985లో, చుండూరులో 1991లో దళితులను చంపినప్పుడు ఊరూరా జనం వీధుల్లోకి వచ్చారు. వాళ్ళను ఎవరూ వాదం చూపమని అడగరు, అడగకూడదు. అయితే వాళ్ళు చేసింది ఖండించడం కాదు. నిరసించారు, తిరగబడ్డారు, బాధితుల పక్కన నిలబడ్డారు. ఆ పనులకు ఆ పేర్లే ఉన్నాయి, అవి ఖండనకన్నా తక్కువవీ కావు. నిరసనకు ఒళ్ళు వంచాలి, ఎండలో కూర్చోవాలి, కేసులు పడితే వాయిదాలకు తిరగాలి. లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్లు టైపు చేసి విలేకరుల వాట్సాప్ గ్రూపులో పడేసినవాడినీ, చుండూరు వీధిలో కూర్చున్నవాడినీ ఒకే క్రియలో కలిపేస్తే అన్యాయం జరిగేది కూర్చున్నవాడికి.

చివరికి డెస్కులో మిత్రులు ఒక సాకు చెబుతారు. సింగిల్ కాలమ్ శీర్షికలో చోటుండదండీ, ‘ఆరోపణల్లో నిజం లేదని చెప్పిన’ అంటే పట్టదు, ‘ఖండించిన’ అంటే సరిపోతుంది అని. రాత్రి పదకొండు గంటలకు పేజీ వదలాల్సిన మనిషి బాధ నాకు తెలుసు. కానీ ‘ఖండించారు’ నాలుగు అక్షరాలు. ‘కాదన్నారు’ కూడా నాలుగే.